పెద్దవాళ్ళు పడితే: నేల మీద నుంచి మళ్ళీ గడప దాటే దాకా (తరచుగా అడిగే ప్రశ్నలు)

రాజమండ్రిలో ఇళ్ళకి వెళ్ళి ఫిజియోథెరపీ చేయించడం నా పని. ఎక్కువగా అరవై అయిదు దాటినవాళ్ళే నా దగ్గర ఉంటారు. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మంలో వినపడే మొదటి మాట ఒకటే: "పడిపోయారండీ." ఆ తర్వాత అడిగే ప్రశ్నలు కూడా ఇంటింటికీ పెద్దగా మారవు. ప్రతి ఇంట్లో హడావుడిగా చెప్పే జవాబుల్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. డాక్టరు చూసి తేల్చాల్సినవి ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడే చెప్పాను.

పడిన వెంటనే లేపి కూర్చోబెట్టొచ్చా?

ముందు మీరు వాళ్ళ పక్కన నేల మీద కూర్చోండి. చెయ్యి పట్టుకుని మాట్లాడండి. మన ఇళ్ళలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కేక వినగానే ఇద్దరు పరిగెత్తుకొచ్చి, చంకల కింద చేతులు వేసి ఎత్తి కుర్చీలో పడేస్తారు. తుంటి ఎముక విరిగి ఉంటే ఆ ఒక్క లాగుడుకి విరిగిన ముక్కలు పక్కకి జరిగిపోతాయి.

రెండు కాళ్ళూ చూడండి. ఒక కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటికి తిరిగిపోయినట్టు కనిపిస్తే తుంటి విరిగిందనే అనుకోవాలి. కదపకుండా 108కి ఫోన్ చెయ్యండి. మెడ నొప్పి అన్నా, కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయన్నా అంతే. తర్వాత ముఖం చూడండి. మూతి ఒక పక్కకి వంకర పోయిందా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతోందా, మాట ముద్దగా వస్తోందా? అలా ఉంటే వాళ్ళు పడటం వల్ల పక్షవాతం రాలేదు, పక్షవాతం వచ్చి పడ్డారు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. కాబట్టి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తు పెట్టుకుని డాక్టరుకి చెప్పండి.

ఎవరైనా పడగానే మంచినీళ్ళు తాగించడం మన అలవాటు. మగతగా ఉన్నవాళ్ళకి తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తుంటి విరిగిందన్న అనుమానం ఉంటే కాఫీ, టిఫిన్ కూడా వద్దు. ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళయితే మాత్రం వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. షుగర్ పడిపోయి, తెలివిలో ఉంటే గ్లూకోజో పంచదార నీళ్ళో ఇవ్వాల్సిందే.

ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు పడితే సొంతంగా ఎలా లేవాలి?

ఇది పడకముందే నేర్చుకోవాల్సిన పని. నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకీ పరుపు మీద ఒకసారి, నేల మీద చాప పరిచి ఒకసారి చేయించి చూస్తాను.

వెంటనే లేవబోకండి. నాలుగు సార్లు ఊపిరి తీసుకుని ఎక్కడ నొప్పిగా ఉందో చూసుకోండి. నొప్పి లేకపోతే ఒక పక్కకి ఒత్తిగిలండి. మోచేతి మీద బరువు పెట్టి, అరచేతులు ఆనించి, మోకాళ్ళ మీదికి రండి. చంటిపిల్లలు పాకినట్టు పాకుతూ గట్టి కుర్చీ దగ్గరికో దివాన్ కాట్ దగ్గరికో వెళ్ళండి. రెండు చేతులూ దాని మీద పెట్టి, బలంగా ఉన్న కాలి పాదాన్ని ముందు నేలకి ఆనించి, పైకి నెట్టుకుని, తిరిగి కూర్చోండి. కూర్చున్నాక అయిదు నిమిషాల దాకా నిలబడొద్దు.

దీన్ని పుస్తకాల్లో ఇలాగే రాస్తారు. మన ఇళ్ళలో చేయిస్తే రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి చీర. మోకాళ్ళ మీద పాకుతుంటే కుచ్చిళ్ళు మోకాలి కింద ఇరుక్కుని మళ్ళీ ముందుకు తూలతారు. ముందుగా చీర మోకాళ్ళ పైకి లాగి నడుముకి దోపుకోవాలి. అమ్మలు మొదట సిగ్గుపడతారు, అయినా చెప్పి చేయించాలి. రెండోది ప్లాస్టిక్ కుర్చీ. టైల్స్ మీద అది వెనక్కి జారుతుంది. చెక్క కుర్చీ కానీ మంచం కానీ అయితేనే పట్టుకోండి, కుర్చీని గోడకి ఆనించి ఉంచండి.

లేవలేకపోతే చలిగా ఉన్న బండల మీద నుంచి చాప మీదికి జరగండి, ఏ దుప్పటో తువ్వాలో కప్పుకోండి. పాదాలు ఆడిస్తూ, అప్పుడప్పుడూ పక్కకి ఒత్తిగిలుతూ ఉండండి. స్టీలు చెంబుతో నేల మీద కొడితే పక్క వాటాకి వినిపిస్తుంది, గొంతు అంత దూరం పోదు. గంటకి మించి నేల మీద ఉండిపోతే ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒత్తిడి పడిన చోట చర్మం కందుతుంది, కండ నలిగి కిడ్నీల మీద భారం పడుతుంది. అందుకే ఫోన్ చార్జింగ్ దగ్గర కాదు, మెళ్ళో చిన్న గుడ్డసంచిలో ఉండాలి. బాత్రూమ్ గడియ లోపల వెయ్యకూడదు. తలుపు దగ్గరగా వేసి, హ్యాండిల్‌కి ఒక తువ్వాలు తగిలిస్తే లోపల మనిషి ఉన్నారని గుర్తు.

తలకి దెబ్బ తగిలింది, కానీ మామూలుగానే ఉన్నారు. డాక్టరుకి చూపించాలా?

చూపించాలి. ముఖ్యంగా గుండెకో పక్షవాతానికో రక్తం పలచబడే మందులు వాడుతుంటే బొప్పి కట్టకపోయినా స్కాన్ గురించి అదే రోజు అడగండి. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుంటుంది, పుర్రెకీ మెదడుకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. అక్కడ సన్నని సిర తెగితే రక్తం బొట్టుబొట్టుగా చేరుతుంది. రెండు మూడు వారాలు పోయాక తలనొప్పి, మతిమరుపు, నడక తేడా, ఎప్పుడూ నిద్ర మొదలవుతాయి. అప్పటికి ఇంట్లోవాళ్ళు ఆ పడిన సంగతే మర్చిపోయి, "పెద్దతనం వచ్చేసింది" అనుకుంటారు. పడిన తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి.

తుంటి విరిగింది. ఎనభై ఏళ్ళ వయసులో ఆపరేషన్ తట్టుకుంటారా? పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోదా?

ఈ ప్రశ్న దగ్గర ఇళ్ళలో ఎన్ని రోజులు పోతాయో చూసి చూసి, దీనికి మాత్రం వివరంగా రాస్తున్నాను.

చిత్తూరు వైపు పుత్తూరుకి తరతరాలుగా జనం వెళ్తున్నారు, ఆ నమ్మకాన్ని చిన్నబుచ్చను. కానీ తుంటి కీలు చెయ్యిలాంటిది కాదు. అది బలమైన కండల కింద లోతుగా ఉంటుంది. పైనుంచి ఏ కట్టు కట్టినా ఆ ముక్కలు కదలకుండా పట్టుకోలేదు. పైగా తొడ ఎముక పైన గుండ్రటి తల ఉంటుంది కదా, దానికి రక్తం ఎక్కువగా కింద మెడలాంటి సన్నటి భాగం మీదుగానే వెళ్తుంది. ఆ మెడ విరిగి పక్కకి జరిగితే రక్తం అందడం ఆగిపోతుంది. రక్తం లేని ఎముక అతకదు. అందుకే పెద్దవాళ్ళకి చాలాసార్లు ఆ తల తీసేసి లోహపు బంతి పెడతారు. మెడకి కొంచెం కింద విరిగితే లోపల రాడ్ వేసి బిగిస్తారు.

ఆపరేషన్ ఎముక కోసమే అనుకోకండి. మనిషిని మర్నాడే మంచం మీద లేపి కూర్చోబెట్టడానికి అది కావాలి. ఆపరేషన్ లేకుండా వారాల తరబడి వెల్లకిలా పడుకోబెడితే వీపు మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్ళలో రక్తపు గడ్డలు వస్తాయి. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో అయిదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువమంది ఏడాదిలోపే పోతున్నారు. వాళ్ళలో ఎక్కువమందిని తీసుకుపోయేది విరిగిన ఎముక కాదు, ఆ పడకే.

వీలైనంత వరకు 48 గంటల్లోపు ఆపరేషన్ కావాలంటారు. మన దగ్గర ఆలస్యం ఎక్కడ జరుగుతుందంటే, పెద్దబ్బాయి విదేశం నుంచి దిగేదాకా ఆగుదామని, అమావాస్య వెళ్ళాక చేయిద్దామని. అబ్బాయి వీడియో కాల్‌లో సంతకానికి ఒప్పుకోవచ్చు. గుండె, షుగర్, బీపీ ఉన్నాయని భయపడితే ఆ భయాన్ని మత్తు డాక్టరు ముందు పెట్టండి. అవి ఉన్నవాళ్ళకే రోజూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. డాక్టరే ఆగమంటే అది వేరే సంగతి.

ఆపరేషన్ అయిన రాత్రి నుంచి ఏదేదో మాట్లాడుతున్నారు, ఎప్పుడో పోయినవాళ్ళు కనిపిస్తున్నారంటున్నారు. మతి పోయిందా?

పోలేదు. గాలి సోకలేదు, దిష్టీ కాదు. తుంటి ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్ళలో ఇది చాలామందికి వచ్చే తాత్కాలిక అయోమయం. పగలు తేలిగ్గా, రాత్రి ఎక్కువగా ఉంటుంది. కొందరు కేకలు వేస్తారు, కొందరు ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంటారు. రెండో రకాన్ని ఎవరూ పట్టించుకోరు, అదీ ప్రమాదమే. వెంటనే డ్యూటీ డాక్టరుకి చెప్పండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, సోడియం తగ్గడం, నొప్పి, కొన్ని మందులు, ఇవన్నీ కారణాలు కావచ్చు.

మీరు చేయగలిగింది కూడా ఉంది. కళ్ళజోడు పెట్టండి. చెవి మిషన్ ఉంటే పెట్టండి. ఆసుపత్రిలో ఈ రెంటినీ పోతాయని బీరువాలో దాచి వస్తారు. పగలు కిటికీ తెరవండి. ఇంట్లో మనిషి ఒకరు పక్కన ఉండి, "ఇవాళ బుధవారం, మామ్మగారూ, ఆసుపత్రిలో ఉన్నాం, కాలికి ఆపరేషన్ అయింది" అని నెమ్మదిగా, ఎన్నిసార్లయినా చెప్పాలి. వాళ్ళు చూశామన్నదాన్ని కాదని వాదించకండి.

ఎన్ని రోజులు రెస్ట్ తీసుకోవాలి?

ఈ ప్రశ్నలో "రెస్ట్" అన్న మాటే నాకు దిగులు పుట్టిస్తుంది. 2007లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీద ఉంచి చూశారు. పది రోజులకి కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గింది. వాళ్ళు ఏ దెబ్బా తగలనివాళ్ళు. ఇక విరిగి, తిండి మానేసి, నొప్పితో ఉన్నవాళ్ళకి ఎంత తగ్గుతుందో ఊహించండి.

తుంటి ఆపరేషన్ అయితే, సర్జన్ వద్దనకపోతే, మర్నాడే మంచం అంచున కూర్చోవాలి, వాకర్‌తో నిలబడాలి. నొప్పి మాత్ర వేశాక అరగంటకో ముప్పావుగంటకో లేపితే సగం బాధ తగ్గుతుంది, నొప్పి ఎక్కువయ్యేదాకా మాత్ర వెయ్యకుండా ఆగకండి. ఎముక గట్టిపడటానికి మూడు నెలల లెక్క. నడక మాత్రం ఏడాది దాకా మెరుగవుతూనే ఉంటుంది. మూడో నెలలో "ఇంతేనా?" అని ఆపేసేవాళ్ళే ఎక్కువ. నిజం చెప్పాలంటే అందరూ పాత నడకకి రారు, సగం మందికి అటూ ఇటూగా వస్తారు. మిగిలినవాళ్ళకి కర్రతో నడవడం, ఎవరి సాయం లేకుండా బాత్రూమ్‌కి వెళ్ళడం దక్కుతాయి. దాన్ని తక్కువగా చూడొద్దు.

మణికట్టు విరిగితే ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ వేళ్ళు ముడిచి తెరుస్తూ, భుజం ఎత్తుతూ ఉండాలి. లేకపోతే కట్టు విప్పేనాటికి భుజం బిగుసుకుపోతుంది.

పథ్యం ఏం చెయ్యాలి? పప్పు పెడితే చీము పడుతుందంటారు కదా?

పప్పుకీ చీముకీ సంబంధం లేదు. ఇది మా గోదావరి జిల్లాల్లో ఎంత బలంగా ఉందంటే, ఆపరేషన్ అయిన మనిషికి నెల రోజులు బీరకాయ కూర, చారు, మజ్జిగన్నం తప్ప మరేమీ పెట్టరు. కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, చేపలో, పెరుగులో, పాలలో ఉన్నాయి. సరిగ్గా వాటినే మాన్పిస్తాం.

కోలుకుంటున్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. యాభై కిలోల మనిషికి రోజుకి 60–75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. రెండు ఇడ్లీలు, కాస్త చారన్నంతో ఆ లెక్క ఎక్కడికి తేలుతుందో చూడండి. శాకాహారులైతే పొద్దున్న ఇడ్లీ బదులు పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, సాయంత్రం వేయించిన శెనగపప్పు పొడి కలిపిన మజ్జిగ, రాత్రి పాలు. రాగిజావ మంచిది, వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడిగి తీరాలి.

ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమో చూపించుకోండి. ఆపరేషన్ చేయించి, ఆ గుల్లబారడానికి మందు మొదలుపెట్టకుండా వదిలేసినవాళ్ళని ఎందరినో చూశాను. విటమిన్ డి తక్కువ ఉంటే డాక్టరు చెప్పినంతే వాడండి. ఏడాది మోతాదు ఒక్కసారే ఇచ్చి చూసిన పరీక్షలో పడటాలు పెరిగాయి, తగ్గలేదు.

ఎక్స్-రే బాగానే ఉంది, ఎముక విరగలేదు. అయినా అమ్మ గది దాటి రావడం లేదు. ఎందుకు?

ఇది చదువుతున్నవాళ్ళలో చాలామంది వచ్చింది ఈ ప్రశ్న కోసమే అని నా నమ్మకం.

ఎముకకి ఎక్స్-రే ఉంది. ధైర్యం విరిగితే ఏ ఫిల్మ్ మీదా కనపడదు. 1982లోనే ఇద్దరు వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. పడిన తర్వాత కొందరు నిలబడగానే వణికిపోతారు, దొరికిన ప్రతిదాన్నీ పట్టుకు వేలాడతారు, ఊతం వదిలి ఒక్క అడుగూ వెయ్యలేరు. కాళ్ళలో అంత బలహీనత ఏమీ లేకపోయినా అలా అవుతుంది. నేను చూసేది అచ్చంగా అదే.

భయం వల్ల నడవరు. నడవకపోతే కండ తగ్గుతుంది. కండ తగ్గితే నిజంగానే తూలతారు. అప్పుడు భయం నిజమే అనిపిస్తుంది. ఈ లోపల ఇంట్లోవాళ్ళు ప్రేమ కొద్దీ, "నువ్వు కదలకమ్మా, ఏం కావాలన్నా నన్నడుగు" అంటారు. మంచినీళ్ళు మంచం దగ్గరికి, అన్నం మంచం దగ్గరికి, చివరికి దేవుడి హారతి కూడా మంచం దగ్గరికే. పడటం మొదలుపెట్టిన పనిని ఆ ప్రేమ పూర్తి చేస్తుంది. ఇది నేను కఠినంగా అంటున్న మాట కాదు. ఎన్నో ఇళ్ళలో కళ్ళారా చూసి బాధపడి అంటున్నది.

ఒక మామ్మగారు నాలుగు నెలలు వీధి గడప దాటలేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి. "గడప చూస్తే కింద నుయ్యి కనిపిస్తున్నట్టుంటదమ్మా" అన్నారు. మొదటి వారం మేము గడప దాటే ప్రయత్నమే చెయ్యలేదు. ద్వారబంధం పట్టుకుని నిలబడి, వీధిలో ఎవరెళ్తున్నారో నాకు చెప్పడమే వ్యాయామం. రెండో వారం ఒక పాదం గడప మీద పెట్టి తీయడం. "మళ్ళీ నడిచి ఏం చెయ్యాలనుంది?" అని అడిగితే గుడి అంటారేమో అనుకున్నాను. "శుక్రవారం గడపకి పసుపు నేనే రాసుకోవాలి. కోడలు బానే రాస్తాది, కానీ అది నా పని" అన్నారు. అంతే, పీట మీద కూర్చుని లేవడం మా లక్ష్యమయింది. ముందు ఎత్తు కుర్చీ, తర్వాత స్టూలు, తర్వాత పీట. పదకొండో వారం శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆవిడ వేళ్ళు పచ్చగా ఉన్నాయి.

మీ ఇంట్లో చేయాలంటే, అమ్మని లేదా నాన్నని ముందు ఆ ప్రశ్న అడగండి. జవాబు వాళ్ళదై ఉండాలి. దాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టండి. నడిపించేటప్పుడు రెక్క పట్టుకు లాగకండి, అది వాళ్ళ తూకం (బ్యాలెన్స్) చెడగొడుతుంది. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి వెనక నుంచి దాన్ని తేలిగ్గా పట్టుకుని, పక్కన, అర అడుగు వెనగ్గా నడవండి. వాళ్ళకి ఖాళీ కనిపించాలి, మీ చెయ్యి దగ్గర్లో ఉందని తెలియాలి.

పడ్డానని మాకు ఎందుకు చెప్పలేదు?

చెబితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు కనుక. ఒక పెద్దావిడ నాతో అన్నారు: "చెప్పాననుకో, పెరట్లోకి పోనివ్వరు. తులసమ్మకి నీళ్ళు కూడా వాళ్ళే పోసేత్తారు."

మా అమ్మ కూడా చెప్పలేదు. మణికట్టుకి క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుని, "పచ్చడి రుబ్బితే బెణికింది" అంది. రోజూ ఇలాంటి చేతులు చూసే నేను మూడు రోజులు నమ్మాను. వాపు తగ్గకపోతే ఎక్స్-రే తీయించాను, విరిగింది. అప్పుడు నేనన్న మొదటి మాట "ఎన్నిసార్లు చెప్పానమ్మా, స్టూలు ఎక్కొద్దని?" ఆ మాటకి ఆవిడ ముఖం చూశాక, ఎందుకు దాచిందో అర్థమయింది. తర్వాత నుంచి ఏ ఇంట్లోనూ "మీరు పడ్డారా?" అని అడగను. "ఈ మధ్య ఎక్కడైనా తూలినట్టు, పట్టుకోవాల్సినట్టు అనిపించిందా?" అని అడుగుతాను. నిజాలు బయటికొస్తాయి. ఒకసారి పడినవాళ్ళు మళ్ళీ పడే అవకాశం ఎక్కువ కాబట్టి, మనకి కావాల్సింది ఆ నిజమే.

అసలు ఎందుకు పడతారు? వయసేగా కారణం?

65 దాటినవాళ్ళలో ఏటా ముగ్గురిలో ఒకరు పడతారని లెక్క. అంటే ఇద్దరు పడటం లేదు. వయసొక్కటే కారణమైతే అలా ఉండదు.

నేను ముందు మందుల డబ్బా చూస్తాను. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, షుగర్‌ని మరీ దించేసే మాత్రలు. వేర్వేరు డాక్టర్లు వేర్వేరు ఏళ్ళలో రాసినవి అన్నీ కలిపి మింగుతుంటారు. సొంతంగా ఆపకండి, డబ్బాతో సహా ఒక్క డాక్టరు దగ్గర పెట్టి "ఇందులో ఏది తగ్గించొచ్చు?" అని అడగండి.

తర్వాత బీపీ. ఇంట్లో మిషన్ ఉంటే ఇప్పుడే చూడొచ్చు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడండి. పై అంకె 20 కానీ, కింది అంకె 10 కానీ పడిపోతే డాక్టరుకి చూపించండి. రాత్రి మూత్రానికి లేచి పడేవాళ్ళలో ఇది నాకు తరచుగా కనిపిస్తుంది. లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్ళు మానేస్తారు, దాంతో బీపీ ఇంకా పడుతుంది.

శుక్లం ముదిరే దాకా ఆగొద్దు. ప్రోగ్రెసివ్ కళ్ళజోడు (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం ఉన్నది) పెట్టుకుని మెట్లు దిగితే కింది మెట్టు మసకగా కనిపిస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు దాటితే కాళ్ళకి, తూకానికి పని చెప్పాల్సిన సమయం వచ్చింది. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, చేతులు వాడకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, ఒక పాదం ముందు ఒకటి పెట్టి నిలబడటం, పక్కకి అడుగులు వెయ్యడం. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలాంటి వ్యాయామాల్నే ఇంట్లో వారానికి మూడుసార్లు అరగంట చేయించి, నడక జోడించి చూస్తే పడటాలు 35 శాతం తగ్గాయి. జిమ్ అక్కర్లేదు. మానకుండా చెయ్యడమే కావాలి.

ఇంట్లో ఏం మార్చాలి?

బాత్రూమ్‌తో మొదలుపెట్టండి. తువ్వాలు వేసే రాడ్ మనిషి బరువు ఆపదు, గోడలోకి దిగేసిన పట్టుకడ్డీ వేయించండి, కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. స్నానం కుర్చీ మీద కూర్చునే చెయ్యాలి. బకెట్ కూడా ఒక స్టూలు మీద పెడితే వంగక్కర్లేదు. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు. అరిగిన హవాయి చెప్పులు పారేసి, మడమ దగ్గర పట్టీ ఉన్నవి కొనండి. పాత నాపరాళ్ళు తీసి నున్నటి టైల్స్ వేయించిన ఇళ్ళలో, తడిగుడ్డ పెట్టిన అరగంట పెద్దవాళ్ళని కూర్చోబెట్టండి. పెరట్లో నాచు. వాకిట్లో పొద్దున్నే చల్లిన కళ్ళాపి. నేల మీద సాగిన చార్జర్ వైర్లు. ఇలా జారే, కాలికి తగిలే చోట్లన్నీ వెతికి సరిచెయ్యాలి. మనవలు ఈ పని ఇష్టంగా చేస్తారు, వాళ్ళకి అప్పజెప్పండి.

పెద్దవాళ్ళని అడక్కుండా వాళ్ళ గది సర్దకండి. ఏ బల్ల ఎక్కడుందో చీకట్లో వాళ్ళ చేతులకి తెలుసు.

కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి?

నొప్పి ఉన్న కాలికి ఎదురు చేత్తో. ఎడమ తుంటి అయితే కుడిచేతిలో కర్ర. చెయ్యి వేలాడేస్తే మణికట్టు గీత దగ్గరికి పిడి రావాలి. అడుగున రబ్బరు బుష్ అరిగితే మార్చండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

మేము అమెరికాలో ఉన్నాం, నాన్నగారు ఒక్కరే ఉంటారు. దూరం నుంచి ఏం చెయ్యగలం?

హాల్లో కెమెరా పెట్టించే ముందు పక్కింటివాళ్ళకి తాళంచెవి ఇప్పించండి. కెమెరాలో నాన్నగారు పడటం చూసి డల్లాస్ నుంచి తలుపు తీయలేరు. రోజూ ఒకే వేళకి ఫోన్, ఎత్తకపోతే ఎవరు వెళ్ళి చూడాలో ముందే మాట్లాడుకోవాలి. వీడియో కాల్‌లో "బాగున్నారా?" అని అడిగితే బాగున్నానే అంటారు. "ఒకసారి లేచి, ఆ క్యాలెండర్ తెచ్చి చూపించండి నాన్నగారూ" అనండి. ఎలా లేచారో, ఏది పట్టుకున్నారో చూడండి, ఆ పది సెకన్లలో చాలా తెలుస్తుంది. పెద్దల సహాయానికి 14567 ఎల్డర్ లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. అయితే అత్యవసరానికి అది కాదు, 108.

ఆపరేషన్ ఖర్చుకి ప్రభుత్వ సాయం ఉందా?

70 ఏళ్ళు నిండినవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏటా కుటుంబానికి 5 లక్షల దాకా వైద్యం 2024 అక్టోబర్ 29 నుంచి ఉంది. ఆధార్‌తో కార్డు తీసుకోవాలి. పడకముందే తీసుకుని ఉంచండి. రాష్ట్రాల పథకాలు, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, వేరే ఉన్నాయి. ఆసుపత్రిలో చేరేటప్పుడే అక్కడి హెల్ప్ డెస్క్‌లో అడగండి.

తుంటి ఆపరేషన్ తర్వాత మళ్ళీ కింద కూర్చోవచ్చా?

లోహపు బంతి వేసినవాళ్ళు మొదటి నెలల్లో కింద కూర్చోకూడదు, బాసిపట్టు వెయ్యకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. కీలు జారిపోవచ్చు. ఎంతకాలం అన్నది ఆపరేషన్ చేసిన విధానాన్ని బట్టి సర్జన్ చెబుతారు. అప్పటిదాకా వెస్టర్న్ కమోడ్, లేదా కమోడ్ కుర్చీ. పూజ కుర్చీలో కూర్చునే చేసుకోవచ్చు.

మళ్ళీ గోదావరి స్నానానికి వెళ్ళొచ్చా?

మా ఊళ్ళో ఈ ప్రశ్న ఖాయం. కార్తీకంలో రేవు మెట్ల మీద జారి తుంటి విరిగిన ఒక మామ్మగారు, వాకర్ పట్టుకున్న మొదటి రోజే అడిగారు: "2027లో పుష్కరాలొస్తున్నాయి. నేను మునుగుతానంటావా?"

మెట్లు ఎక్కి దిగే బలం వచ్చాక వెళ్ళొచ్చు. నీళ్ళలో మునిగే కింది మెట్లకి నాచు ఉంటుంది, అక్కడికి దిగొద్దు. పై మెట్టు మీద బలమైన కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఇంట్లోవాళ్ళు చెంబుతో తెచ్చి తల మీద పోస్తారు. తెల్లవారుజాము చీకట్లో కాదు, ఎండ వచ్చాక. రద్దీ రోజు కాదు. ఇద్దరు మనుషులు తోడుండాలి, ఒకరు ముందు, ఒకరు వెనక. తడిచీరతో మెట్లు ఎక్కకూడదు, కుర్చీలో ఉండగానే పొడి బట్ట చుట్టుకోవాలి.

ఆవిడ ఇప్పుడు మేడమెట్లు రోజుకి రెండుసార్లు, గోడకి వేయించిన కడ్డీ పట్టుకుని ఎక్కి దిగుతున్నారు. రేవులో రోడ్డు నుంచి నీళ్ళ దాకా ఎన్ని మెట్లున్నాయో మొన్న మనవడిని పంపి లెక్కపెట్టించారు. ఆ అంకె గోడ మీద క్యాలెండర్‌లో రాసి ఉంది, దాని కింద రోజూ తను ఎక్కిన మెట్ల లెక్క.